'అలో' నొక్కింది ఎవరు?

(మన శాఖా గ్రంథాలయంలో గత ఆదివారం కంప్యూటర్ రిపేర్ షాపు నడిపే ఒకాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. నాకు మైకు అలవాటు లేదండీ, షాపులో కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడినట్టే మాట్లాడతాను, వెనకవాళ్ళకి వినబడకపోతే చెయ్యెత్తండి. లైబ్రేరియన్ గారు "పాపప్‌లు, యాడ్‌వేర్ గురించి ఓ గంట చెప్పండి" అన్నారు. పాపప్ అంటే టపీమని లేచే యాడ్, యాడ్‌వేర్ అంటే మనం అడక్కుండా యాడ్‌లు గుమ్మరించే ప్రోగ్రాం. గంట ఎందుకండీ అన్నాను. నా షాపుకి ఈ బాధతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి నేను చేసేది రెండు నిమిషాల పని. ఇలా చెప్తే నా వ్యాపారం దెబ్బతింటుందనుకోండి, కానీ నిజం అదే.

ముందు ఒక ఫోన్ కావాలి. నాది కాదు, నాదాంట్లో ఏమీ ఉండవు. రెండో వరసలో పచ్చ చీర అమ్మగారు, మీ ఫోన్‌లో యాడ్‌లు వస్తున్నాయా అమ్మా? రోజుకెన్ని? లెక్కే లేదా! సరే, అభ్యంతరం లేకపోతే ఒకసారి ఇవ్వండి. మీ మెసేజ్‌లు, ఫోటోలు ముట్టుకోను. ఇదిగో, అందరూ చూస్తుండగానే స్క్రీన్ పైనుంచి కిందకి లాగుతున్నాను. చదువుతాను వినండి. "మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి." "మీ పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిచేయండి." "బ్యాటరీ పాడైంది, వెంటనే క్లీన్ చేయండి." "పూజ మీకు ఒక ఫోటో పంపింది." పూజ ఎవరమ్మా? తెలీదా? నాకూ తెలీదు, ఆ పూజ ఈ ఊళ్ళో సగం ఫోన్లకి ఫోటోలు పంపిస్తోంది.

నవ్వుకున్నాం కదా, ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. వీటిలో ఒకదాని మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటున్నాను. తెరవట్లేదు, ఊరికే నొక్కి పట్టుకున్నాను. ఏం కనబడింది? పైన చిన్న అక్షరాల్లో క్రోమ్ అని ఉంది, అంటే మనం సైట్లు చూసే బ్రౌజర్, పక్కనే ఏదో నోరు తిరగని సైట్ పేరు ఉంది. అంటే ఏమిటి? ఇది వైరస్ కాదు. ఫోన్‌లోకి ఏదీ దూరలేదు. ఆ సైటు నోటిఫికేషన్ పంపిస్తోంది, క్రోమ్ తెచ్చి ఇస్తోంది. ఎందుకు తెచ్చి ఇస్తోంది? ఎప్పుడో ఒకరోజు ఈ అమ్మగారు, లేదా వాళ్ళ మనవడు, ఆ సైటులో 'అలో', అంటే 'సరే, పంపుకో' అని నొక్కారు కాబట్టి.

పేపరు కుర్రాడితో "రేపటినుంచి వెయ్యి బాబూ" అని మనమే చెప్పాం. రోజూ గుమ్మంలో పేపరు పడుతోంది. దానికి మనం ఏం చేస్తున్నాం? తలుపులు మారుస్తున్నాం, గేటుకి కొత్త తాళం వేస్తున్నాం, కుక్కని పెంచుతున్నాం. "రేపటినుంచి వద్దు" అని ఆ కుర్రాడికి మాత్రం చెప్పట్లేదు. ఫోన్‌లో ఈ గోలంతా చూసి యాంటీవైరస్‌లు వేసుకోవడం, ఫోన్ రీసెట్ చేయించడం ఇదే వరస.

ఎక్కడ నొక్కి ఉంటారు? నేను చెప్తాను, మీరు తలూపండి చాలు. ఇంటర్ ఫలితాల రోజు. అసలు సైటు తెరుచుకోదు, పిల్లాడి కంటే తండ్రికి టెన్షన్ ఎక్కువ, హాల్‌టికెట్ నెంబరు పట్టుకుని గూగుల్‌లో ఏది కనబడితే అది నొక్కేస్తారు. అక్కడ పైన ఒక పెట్టె వస్తుంది, 'అలో', 'బ్లాక్' అని. అది అడ్డం పోతే చాలనుకుని అలో నొక్కేస్తారు. ఫలితం రాదు, యాడ్‌లు మాత్రం వచ్చే ఏడాది ఫలితాల దాకా వస్తూనే ఉంటాయి. రెండోది కొత్త సినిమా ఫ్రీగా చూద్దామని. ఎవరూ తలూపట్లేదేంటి? సరే, మీ పక్కింటివాళ్ళు అనుకుందాం. అక్కడ తెర మీద ఒక బొమ్మ, "మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి" అని. వీడియో మొదలవ్వాలంటే అలో నొక్కాలి, వయసు 18 దాటిందంటే అలో నొక్కాలి. రోబో కాదని నిరూపించుకోవడానికి నోటిఫికేషన్ అలో చేయమని మర్యాదస్తుల సైటు ఏదీ అడగదండీ. ఆ రెండింటికీ సంబంధమే లేదు.

ఇది ఎప్పటినుంచి ఉంది అంటారేమో. సైట్లు ఇలా నోటిఫికేషన్లు పంపే వీలు క్రోమ్‌లోకి 2015లో వచ్చింది. ఉద్దేశం మంచిదే, వార్తల సైటు ముఖ్యమైన వార్త పంపడానికి, మెయిల్ వచ్చిందని చెప్పడానికి. దాన్ని ఈ గ్యాంగులు పట్టుకున్నాయి. జనం గోల పెడితే 2020 మొదట్లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ ఆ అడిగే పెట్టెని కాస్త అణిచాయి.

దీనికి ముందున్న అసలు పాపప్, అంటే పేజీ తెరిస్తే దాని మీద ఇంకో కిటికీ టపీమని తెరుచుకునేది, దాని పుట్టుక ఇంకా తమాషా. 1990లలో అమెరికాలో ట్రైపాడ్ అని ఒక సైటు ఉండేది, ఎవరైనా తమ సొంత పేజీ పెట్టుకోవచ్చు. ఒక కార్ల కంపెనీ ప్రకటన వెళ్ళి వెళ్ళి ఒక బూతు పేజీ మీద కూర్చుంది. కంపెనీవాళ్ళు మండిపడ్డారు. అక్కడ పనిచేసే ఈథన్ జుకర్‌మన్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు: ప్రకటనని పేజీలో పెట్టకుండా వేరే చిన్న కిటికీలో తెరిస్తే ఆ పేజీకీ ఈ ప్రకటనకీ సంబంధం ఉన్నట్టు కనబడదు కదా అని. అంతే, అదే పాపప్. 2014లో ఆయన ఒక వ్యాసం రాసి, మా ఉద్దేశం మంచిదే కానీ క్షమించండి అన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత! ఆ పాతరకం పాపప్‌ని ఇప్పుడు బ్రౌజర్లే చాలావరకు ఆపేస్తున్నాయి, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లోనే, 2004లోనే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పాపప్ బ్లాకర్ వచ్చింది. దొడ్డిదారి మూసేశారు కాబట్టి ఇప్పుడు ముందు తలుపు దగ్గర నిలబడి 'రావచ్చా' అని అడుగుతున్నారు. మనం రమ్మంటున్నాం.

సరే, అమ్మగారి ఫోన్ దగ్గరికి వద్దాం. మీరూ మీ ఫోన్లు తీయండి, నాతోపాటే చేయండి. క్రోమ్ తెరవండి. కుడివైపు పైన మూడు చుక్కలు. సెట్టింగ్స్. కొంచెం కిందకి జరిపితే సైట్ సెట్టింగ్స్. అందులో నోటిఫికేషన్స్. వచ్చిందా? తెలుగులో పెట్టుకున్నవాళ్ళకి మాటలు తెలుగులో ఉంటాయి, వరస అదే. ఇక్కడ 'అనుమతించినవి' అని ఒక జాబితా ఉంటుంది. అమ్మగారి ఫోన్‌లో... లెక్కపెడుతున్నాను ఉండండి... ఇరవై మూడు. ఇరవై మూడు సైట్లకి "రోజూ రండి" అని చెప్పి ఉన్నారమ్మా మీరు. ఒకటి వార్తల సైటు, ఒకటి పంచాంగం, ఒకటి మెయిల్. మిగతా ఇరవై పేర్లు చూడండి, కీబోర్డు మీద పిల్లి నడిచినట్టు లేవూ? ఒక్కోదాని మీద నొక్కి 'బ్లాక్' పెడుతున్నాను. తీసేయడం కంటే బ్లాక్ మంచిది, తీసేస్తే మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతుంది. అసలు ఏ సైటూ అడగనే కూడదు అనుకుంటే పైనున్న మీట మొత్తం ఆపేయండి. నేను నా ఫోన్‌లో ఆపేసి ఎన్నో ఏళ్ళయింది, ఒక్కరోజు కూడా ఏదీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

కంప్యూటర్‌లో కూడా ఇదే. కుడివైపు కింద మూలన లేచే యాడ్‌లు చూసి విండోస్‌కి వైరస్ పట్టిందనుకుంటారు. అక్కడ కూడా చిన్న అక్షరాలు చదవండి, క్రోమ్ అనో ఎడ్జ్ అనో ఉంటుంది.

ఇక రెండో రకం. బ్రౌజర్ తెరవకపోయినా, ఫోన్ ఊరికే టేబుల్ మీద ఉన్నా తెర నిండా వీడియో యాడ్ వచ్చేస్తుంది, మూసే గుర్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇది నోటిఫికేషన్ కాదు, ఫోన్‌లో ఏదో ఒక యాప్ చేస్తోంది. ఏ యాప్? అదే కదా అసలు ప్రశ్న. యాడ్ వచ్చినప్పుడు కంగారుపడి మూసేయకండి, అది తెర మీద ఉండగానే రీసెంట్ యాప్స్ బటన్, ఆ చదరపు గుర్తు, నొక్కండి. కిందనుంచి పైకి లాగే ఫోన్ అయితే లాగి పట్టుకోండి. అన్ని యాప్‌లూ పేకముక్కల్లా వస్తాయి. ఆ యాడ్ ఉన్న ముక్క మీద ఏ గుర్తు ఉందో చూడండి. టార్చిలైటా, ఫోన్ క్లీనరా, క్యూఆర్ స్కానరా, అక్షరాల ఫాంట్లు మార్చేదా? దొంగ దొరికాడు. కొన్ని మరీ గడుసువి, గుర్తు తెల్లగా ఖాళీగా ఉంటుంది, పేరు కూడా ఉండదు. అప్పుడు సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలోకి వెళ్ళి వెతకాలి, 'ఇతర యాప్‌ల పైన కనబడటం' అనే అనుమతి ఎవరెవరికి ఇచ్చారో చూడాలి. అక్కడ వాట్సాప్ ఉంటే ఫర్వాలేదు, వాల్‌పేపర్ యాప్‌కి ఆ అనుమతి ఎందుకు?

"నేను ప్లే స్టోర్ నుంచే వేసుకున్నానండీ, నాలుగేళ్ళుగా వాడుతున్నాను, ఇప్పుడెందుకు యాడ్‌లు వస్తాయి?" అని ఒక మాస్టారు నాతో వాదనకి దిగారు. ఆయన మాట నిజమే. కానీ యాప్ కూడా మారుతుందండీ. బార్‌కోడ్ స్కానర్ అని ఒక యాప్ ఉండేది, కోటి మందికి పైగా వేసుకున్నారు, ఏళ్ళ తరబడి బుద్ధిగా పనిచేసింది. 2020 డిసెంబర్‌లో ఒక్క అప్‌డేట్ వచ్చింది, అంతే, దానంతటదే బ్రౌజర్ తెరిచి యాడ్‌లు చూపించడం మొదలుపెట్టింది. గూగుల్ స్టోర్‌లోంచి పీకేసింది. కానీ స్టోర్‌లోంచి పీకేస్తే మీ ఫోన్‌లోంచి పోదు, అది మీరే తీయాలి. కాగితాలు ఫోన్‌తో స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ మీలో చాలామంది వాడే ఉంటారు. 2019లో దాంట్లో యాడ్‌లు చూపించడానికి పెట్టుకున్న బయటివాళ్ళ కోడ్‌లో చెడ్డ ప్రోగ్రాం ఉందని కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ బయటపెట్టింది. యాప్ చేసినవాళ్ళకి కూడా తెలియకుండా జరిగే రకం ఇది. అద్దెకిచ్చిన గదిలో ఏం జరుగుతోందో ఇంటి ఓనరుకి తెలియదు చూడండి, అలా.

మూడో రకం కంప్యూటర్లది. ఇక్కడ నా పరువు కొంచెం పోయే కథ చెప్తాను. షాపు పెట్టిన కొత్తలో ఒక జిరాక్స్ సెంటర్ ఆయన కంప్యూటర్ తెచ్చాడు. గూగుల్‌లో ఏది వెతికినా వేరే పేజీ తెరుచుకుంటోంది, ప్రతి పేజీలో మాటల కింద గీతలు, వాటి మీద మౌస్ పెడితే యాడ్. నేను పెద్ద మొనగాణ్ణి కదా, చూడటాలు గీడటాలు లేవు, ఫార్మాట్ కొట్టేశాను. 400 తీసుకున్నాను. ఆయన సాయంత్రం ఇంటికెళ్ళి క్రోమ్‌లో తన మెయిల్‌తో లాగిన్ అయ్యాడు. అరగంటలో ఫోన్. "బాబూ, మళ్ళీ వచ్చాయి." నేను నమ్మలేదు. వెళ్ళి చూస్తే నిజంగానే ఉన్నాయి. ఎలా వచ్చాయి? ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. ఈ యాడ్‌లు చూపించే దొంగ ఎక్స్‌టెన్షన్ ఆయన గూగుల్ ఖాతాలో సింక్ అయి, అంటే దాచిపెట్టి ఉంది. కొత్త విండోస్ వేసినా, లాగిన్ అవగానే క్రోమ్ పాపం నమ్మకస్తుడైన పనివాడిలా పాత ఎక్స్‌టెన్షన్లన్నీ మోసుకొచ్చి పెట్టేసింది. తీయాల్సింది ఒక్క ఎక్స్‌టెన్షన్. అర నిమిషం పని. దానికి నేను సి డ్రైవ్ అంతా తుడిచేశాను. 400 తిరిగి ఇచ్చేశాననుకోండి, కానీ ఆయన డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న రెండు నెలల ఆర్డర్ల ఫైలు మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి ఎవరు కంప్యూటర్ తెచ్చినా ముందు ఎక్స్‌టెన్షన్ల పేజీ తెరుస్తాను. కూపన్లు ఇస్తానన్నది, పీడీఎఫ్ మారుస్తానన్నది, మీకు గుర్తులేనిది ఏదైనా సరే తీసేయండి. కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చు.

ఎక్స్‌టెన్షన్ తీద్దామంటే 'రిమూవ్' అనే బటనే పనిచేయట్లేదా? క్రోమ్ మెనూలో అడుగున "మీ సంస్థ ఈ బ్రౌజర్‌ని నిర్వహిస్తోంది" అని ఉందా? ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ మాట ఉంటే సహజం. ఇంట్లో కంప్యూటర్‌కి ఏం సంస్థండీ? కొన్ని యాంటీవైరస్‌లు వేసినా ఆ మాట వస్తుంది. అవేవీ లేకపోతే మాత్రం యాడ్‌వేర్ ఆఫీసరు వేషం వేసుకుని కూర్చుందన్నమాట, విండోస్ తన సెట్టింగ్స్ అన్నీ రాసుకునే పుస్తకం లాంటి రిజిస్ట్రీలో తనకి తాను ఉత్తర్వు రాసుకుంటుంది, ఈ ఎక్స్‌టెన్షన్‌ని ఎవరూ తీయకూడదని. దీన్ని చేత్తో తీయడం మీ అందరికీ చెప్పను, రిజిస్ట్రీలో ఒకటి బదులు ఇంకోటి తీస్తే కంప్యూటర్ లేవదు. యాడ్‌డబ్ల్యూక్లీనర్ అని చిన్న ప్రోగ్రాం ఉంది, మాల్‌వేర్‌బైట్స్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్ళది, ఉచితం. వాళ్ళ సైటులోంచే దించుకోవాలి, గూగుల్‌లో వెతికితే పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేదాంట్లోంచి కాదు. పాత సలహాల్లో "క్రోమ్‌లోనే క్లీనప్ కంప్యూటర్ అని ఉంటుంది, అది నొక్కండి" అని రాసి ఉంటుంది, దాని కోసం వెతక్కండి, 2023లోనే గూగుల్ దాన్ని తీసేసింది.

యాడ్‌లే కదా, చిరాకే గానీ నష్టమేముంది అని ఒకరు మొదట్లో అన్నారు. దానికి ఒకటి చెప్తాను. 2014 చివర్లో లెనోవో కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రాం పెట్టి అమ్మింది. కొత్త లాప్‌టాప్, డబ్బా విప్పగానే లోపల ఉంది. మనం చూసే పేజీల్లోకి యాడ్‌లు దూర్చడం దాని పని. బ్యాంకు సైట్లలాంటి తాళం గుర్తున్న పేజీల్లోకి కూడా దూరాలి కదా, అందుకని విండోస్‌లో ఒక దొంగ ముద్ర, సర్టిఫికెట్ అంటారు, పెట్టుకుంది. అన్ని లాప్‌టాప్‌లకీ ఒకటే తాళంచెవి! 2015 ఫిబ్రవరిలో సంగతి బయటపడగానే ఒక సెక్యూరిటీ నిపుణుడు కొద్ది గంటల్లో ఆ తాళం విప్పేశాడు. అంటే పక్కన కూర్చుని అదే వైఫై వాడేవాడు మీ బ్యాంకు పాస్‌వర్డు చదవగలిగే స్థితి. దీని గురించి అమెరికా ప్రభుత్వం లెనోవో మీద పెట్టిన కేసు 2017లో రాజీ అయింది. కాబట్టి ఇది ఉత్త చిరాకు కాదండీ, యాడ్ దూర్చడానికి తెరిచిన కన్నంలోంచి ఇంకెవరైనా దూరొచ్చు.

ఇంకోటి, ఇది భయపెట్టే రకం. తెరంతా ఎర్రగా అయిపోతుంది, సైరన్ మోగుతుంది, మైక్రోసాఫ్ట్ బొమ్మ ఉంటుంది, "కంప్యూటర్ ఆపకండి, ఈ నెంబరుకి ఫోన్ చేయండి" అని. అది ఉత్త వెబ్ పేజీ. బొమ్మ, చప్పుడు, అంతే. ఎస్కేప్ మీట రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి, ఫుల్ స్క్రీన్ పోతుంది, ట్యాబ్ మూసేయండి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ఆపేయండి. మళ్ళీ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవమంటారా" అంటుంది, వద్దనండి. ఫోన్ మాత్రం చేయకండి. చేస్తే చాలా మర్యాదగా మాట్లాడతారు, దూరంనుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేసుకోమంటారు, అక్కడితో మీ కంప్యూటర్ వాళ్ళ చేతిలో ఉంటుంది. డబ్బు పోయిందా, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపడానికి అంత వీలు. ఈ మధ్య ఇంకో కొత్త వేషం: రోబో కాదని నిరూపించడానికి విండోస్ మీట, ఆర్ నొక్కండి, కంట్రోల్ వి నొక్కండి, ఎంటర్ కొట్టండి అంటుంది. అలా చేస్తే వాళ్ళ ప్రోగ్రాంని మీ చేత్తో మీరే నడిపినట్టు.

యాడ్ బ్లాకర్ వేసుకోవాలా అని అడిగారు. వేసుకోండి, కానీ పేరు చూసి. 2018లో యాడ్‌గార్డ్ అనే యాడ్ బ్లాకర్ కంపెనీ వాళ్ళు క్రోమ్ స్టోర్‌లో యాడ్ బ్లాకర్ల పేరుతోనే ఉన్న దొంగ ఎక్స్‌టెన్షన్లు పట్టుకున్నారు, రెండు కోట్ల మంది వేసుకుని ఉన్నారు. దోమతెర కొంటే దాంట్లోనే దోమలు! నేను ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ వాడతాను. క్రోమ్‌లో అది ఇప్పుడు నడవదు, నియమాలు మార్చారు, దాని తమ్ముడు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. 'ఆరిజిన్' అన్న మాట ఉందో లేదో చూసుకోండి. ఫోన్లో అయితే ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రైవేట్ డీఎన్ఎస్ అని సెట్టింగ్ ఉంది. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని చిరునామా వెతికిపెట్టే సర్వీసు. అందులో యాడ్‌లు ఆపే సర్వీసు పేరు ఒకటి టైపు చేస్తే యాప్‌లలో వచ్చే యాడ్‌లు కూడా చాలావరకు ఆగుతాయి. ఆ పేరు బోర్డు మీద రాస్తాను, రాసుకోండి. ఎప్పుడైనా రైల్వేస్టేషన్ వైఫై పట్టకపోతేనో, ఏదైనా బ్యాంకు యాప్ మొరాయిస్తేనో దాన్ని కాసేపు ఆపి చూడండి.

ఏంటమ్మా? పచ్చ చీర అమ్మగారు ఏదో అడుగుతున్నారు. ఆ, "పంచాంగం సైటు కూడా తీసేశారా?" అంటున్నారు. లేదమ్మా, అది ఉంచాను, వర్జ్యం, దుర్ముహూర్తం పొద్దున్నే వస్తాయి. వార్తలదీ మెయిలూ ఉంచాను. పూజని మాత్రం తీసేశాను. ఇదిగోండి మీ ఫోన్. ఇంకా ఎవరైనా చూపించాలనుకుంటే ఇటు కిటికీ పక్కన బల్ల దగ్గరికి రండి, లాక్ మాత్రం మీరే తీసి ఇవ్వండి, పిన్ నాకు చెప్పొద్దు. చార్జింగ్ తక్కువున్నవాళ్ళు ముందు.